గోదావరి డెల్టాలో ఇంటికి కుళాయి, మురుగు కనెక్షన్: ఏది ముందు, ఏది వెనక

ఇల్లు కట్టుకునేవాళ్లకి కుళాయి సంగతి శంకుస్థాపన నాడే గుర్తుంటుంది. మురుగు సంగతి గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నాక గుర్తొస్తుంది. అప్పటికి గచ్చులు అయిపోయి ఉంటాయి, బాత్‌రూముల మట్టం ఖాయమైపోయి ఉంటుంది, రోడ్డు పక్క డ్రైనేమో మన గొట్టం మూతి కంటే జానెడు ఎత్తులో ఉంటుంది. మేస్త్రిగారిని అడిగితే "ఏం పర్లేదండి, ఎలాగోలా కలిపేద్దాం" అంటారు. అలా కలిపిన గొట్టమే ప్రతి వానాకాలం మీ పెరట్లోకి వెనక్కి తంతుంది.

మన డెల్టాలో నీళ్లు ఇంటికి తెచ్చుకోవడం చాలావరకు కాగితాల పని. వాడిన నీళ్లు బయటికి పంపడం మట్టాల పని. ధవళేశ్వరం దిగువన నేలంతా బల్లపరుపు. వానాకాలంలో నాలుగైదు అడుగులు తవ్వేసరికి చాలాచోట్ల ఊట కనబడుతుంది. కాగితాల్లో తప్పు పోతే దిద్దుకోవచ్చు గానీ, గచ్చు కింద మట్టం తప్పితే పగలగొట్టాల్సిందే. అందుకే ఇక్కడ మురుగు ముందు, కుళాయి తర్వాత చెబుతున్నాను. మీరూ అదే వరసలో కదలండి.

మీ ఇల్లు ఎవరి పరిధిలో ఉంది?

ఇది తేలిక ప్రశ్నలా ఉంటుంది, కాదు. ఊరి చివర కొత్త లేఅవుట్లలో ఒక వీధి మునిసిపాలిటీలో, పక్క వీధి పంచాయతీలో ఉండటం మామూలే. పట్టణంలో అయితే వార్డు సచివాలయంలో ఎమినిటీస్ కార్యదర్శి, ఆ పైన మునిసిపల్ ఇంజనీరింగ్ విభాగం చూస్తారు. పల్లెలో అయితే గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్, పంచాయతీ కార్యదర్శి. పథకం గ్రామీణ నీటి సరఫరా శాఖది, అంటే మనం ఆర్‌డబ్ల్యూఎస్ అనేది. ఇల్లు యానాంలో ఉంటే కాగితాలన్నీ పుదుచ్చేరి పాలన కిందికి వెళతాయి. నదికి ఇవతల చుట్టాలు చెప్పిన పద్ధతి అక్కడ పనికిరాదు.

ఇంకొక మెలిక కాలువ గట్టు. గట్టు మీది ఇళ్లకు, డ్రెయిన్ పోరంబోకులోని ఇళ్లకు కరెంటు మీటరు ఉన్నా స్థలానికి పట్టా ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఫీజు కట్టే ముందే సచివాలయంలో మాట్లాడండి. పైపు కాలువనో మురుగు కోడునో దాటాల్సి వస్తే జలవనరుల శాఖ అనుమతి కూడా కావాలి. అది మీరు తెచ్చుకోవాలా, మునిసిపాలిటీయే రాస్తుందా అన్నది ముందే అడగండి.

మురుగు ఎక్కడికి పోతుంది?

భూగర్భ డ్రైనేజీ డెల్టాలో చాలా పట్టణాలకు లేదు. కాకినాడ, రాజమహేంద్రవరం లాంటి నగరాల్లో కూడా ప్రతి వీధికీ ఉందని అనుకోకండి. మీ వీధిలో మ్యాన్‌హోల్ మూతలు కనబడినంత మాత్రాన అవి మురుగువని కాదు, వాననీటి కాలువవి కావచ్చు. ఇంజనీరింగ్ విభాగంలో రెండే ప్రశ్నలు వేయండి: ఈ లైను మరుగుదొడ్డి నీటిని తీసుకుంటుందా? తీసుకుంటే మా ఇంటి ముందు మ్యాన్‌హోల్ అడుగు ఎంత లోతులో ఉంది? రెండో ప్రశ్నకు అంకె వచ్చేవరకు కుర్చీ లోంచి లేవకండి.

లైను ఉంటే మీ ఇంటి నుంచి నేరుగా మ్యాన్‌హోల్‌కో, వాళ్లు చూపించిన చోటికో కలపాలి. కాంపౌండు గోడ లోపల ఒక ఇన్‌స్పెక్షన్ ఛాంబర్ కట్టించండి. ఎక్కడ అడ్డుపడినా అక్కడ మూత తీసి కర్ర పెట్టొచ్చు. వంటింటి నీళ్లు వచ్చే చోట గల్లీ ట్రాప్, అంటే ఎప్పుడూ కాస్త నీళ్లు నిలిచి వాసనని ఆపే వంపు, పెట్టకపోతే బొద్దింకలు, వాసన రెండూ ఇంట్లోకి వస్తాయి. వర్షపు నీళ్లు, డాబా మీది గొట్టాలు ఇందులో కలపొద్దు. వాన దంచితే లైను నిండిపోతుంది, నిండిన లైను అందరికంటే పల్లంలో ఉన్న బాత్‌రూములోంచి పైకి వస్తుంది. మీ వీధి పల్లమైతే చివరి ఛాంబర్ దగ్గర వెనక్కి తన్నకుండా నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి. దాన్ని ఏడాదికొకసారి, జూన్ వానలకు ముందు, తీసి కడగాలి. జుట్టు, ప్లాస్టిక్ ఇరుక్కున్న వాల్వ్ ఉన్నా లేనట్టే.

లైను లేకపోతే సెప్టిక్ ట్యాంకే గతి. రోడ్డు పక్క ఓపెన్ డ్రైనులోకి స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు మాత్రమే వెళ్లాలి. మరుగుదొడ్డి గొట్టాన్ని నేరుగా డ్రైనులో పెట్టడం మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే, ఎవరూ తప్పనుకోవడం లేదు. ఆ డ్రైన్లు చివరికి యనమదుర్రు లాంటి పెద్ద మురుగు కాలువల్లో కలుస్తాయి. భీమవరంలో దాని వంతెన మీద ఒక్క నిమిషం నిలబడితే మిగతాది నేను చెప్పక్కర్లేదు.

మట్టం కొలవడం

ఇది ఒక పూట పని, ఖర్చు దాదాపు సున్నా. తాపీ మేస్త్రుల దగ్గర పారదర్శకంగా ఉండే పొడుగాటి ట్యూబు ఉంటుంది. దాన్నిండా నీళ్లు పోసి, లోపల గాలి బుడగ లేకుండా చూసి, ఒక చివర బాత్‌రూము గచ్చు దగ్గర ఒకరు, రెండో చివర రోడ్డు డ్రైను దగ్గర ఒకరు పట్టుకోండి. రెండు చోట్లా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఆ గీత నుంచి గచ్చుకి ఎంత, డ్రైను అడుగుకి ఎంత కొలిచి, తేడా తీసుకోండి. మీకున్న వాటం అంతే.

ఇప్పుడు ఎంత వాటం కావాలో చూద్దాం. నాలుగు అంగుళాల మురుగు పైపుకి పది అడుగులకు మూడు అంగుళాల వాలు ఇవ్వడం మంచిది. వెనక పెరటి వైపు బాత్‌రూము నుంచి వీధి వరకు 60 అడుగులు ఉందనుకోండి. వాలుకే 18 అంగుళాలు పోతుంది. బాత్‌రూము దగ్గర గొట్టం గచ్చు కింద ఇంకో అడుగు లోతులో మొదలవుతుంది. మొత్తం రెండున్నర అడుగులు. అంటే మీ గచ్చు కంటే వీధిలో కలిసే చోటు రెండున్నర అడుగులు దిగువన ఉండాలి. ఓపెన్ డ్రైను లోతు అడుగున్నరే ఉంటే, అందులో కూడా సగం ఎప్పుడూ నిండే ఉంటే, మీ గచ్చు రోడ్డు మీద ఎంత ఎత్తున ఉండాలో మీరే లెక్క వేసుకోండి. వాలు తగ్గించుకోవాలంటే పైపు ఆరు అంగుళాలది వేసుకోవచ్చు, దానికి పది అడుగులకు అంగుళంపావు సరిపోతుంది. లేదా బాత్‌రూములు వీధి వైపుకి మార్చుకోండి. వాస్తు చెప్పే ఆయనతో ఈ చర్చ ప్లాను గీసేటప్పుడే పెట్టుకోవడం నయం.

మన వైపు స్థలాలు మెరక చేయకుండా ఇల్లు కట్టం. ఎంత మెరక చేయాలన్నది పక్కింటివాళ్ల ఎత్తు చూసి నిర్ణయిస్తుంటారు. మురుగు లెక్క చూసి నిర్ణయించండి. ఇంకోటి, సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు వేస్తారు, ప్రతిసారీ ఆరు అంగుళాలు లేస్తుంది. ఆ ఆరు అంగుళాలు కూడా ఇప్పుడే కలుపుకోండి.

కొత్తగా పోసిన మెరక మట్టి కుంగుతుంది. దాని మీద నేరుగా పైపు పరిచేస్తే రెండు వానాకాలాల తర్వాత మధ్యలో కిందికి వంగి, వంగిన చోట మడ్డి నిలుస్తుంది. పైపు కింద ఇసుక పరిపించి, మట్టి బాగా దిమ్మిస చేయించాకే జాయింట్లు వేయించండి. పూడ్చే ముందు ఒక బకెట్ నీళ్లు గుమ్మరించి, అవతల చివర ఎంత సేపట్లో, ఎంత ఊపుతో వస్తున్నాయో చూడండి. టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసుకోండి. పదేళ్ల తర్వాత ఆ ఫొటోయే మీ ప్లాను.

సెప్టిక్ ట్యాంకు కట్టాల్సి వస్తే

సిమెంటు వరలు నాలుగు దించి, అడుగు వదిలేసి, దాన్నే సెప్టిక్ ట్యాంకు అనడం మన ఊళ్లలో అలవాటు. అడుగు లేని వరల్లోది నేరుగా ఊటలో కలుస్తుంది. పక్కనే బోరు, దాని పక్కనే నుయ్యి. అసలు ట్యాంకు అంటే అడుగు, గోడలు నీళ్లు కారకుండా ఉండాలి. ఐదుగురి ఇంటికి లోపలి కొలత సుమారు ఐదు అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, నీటి లోతు మూడున్నర అడుగులు, ఆ పైన ఒక అడుగు ఖాళీ ఉంటే సరిపోతుంది. పదిమందికి పొడవు ఆరున్నర, వెడల్పు మూడు, నీటి లోతు నాలుగున్నర పెట్టుకోండి. పెద్ద ట్యాంకు అయితే మధ్యలో అడ్డుగోడ పెట్టించండి, మొదటి గది మూడింట రెండు వంతులు ఉండాలి. వెంట్ పైపు కిటికీల కంటే పైకి లేపండి.

ట్యాంకు లోంచి బయటికొచ్చే నీళ్లు ఎటు? పుస్తకాల్లో సోక్ పిట్, అంటే నీళ్లు నేలలోకి ఇంకే గొయ్యి, అని రాసి ఉంటుంది. ఒండ్రు బంకమట్టిలో, ఊట నాలుగడుగుల్లో ఉన్నచోట, సోక్ పిట్ వానాకాలంలో పీల్చదు, కక్కుతుంది. స్థలం ఉంటే గొయ్యి బదులు పైపైన కంకర పరిచిన వెడల్పాటి మెరక మడి చేసి, దాంట్లోకి వదలండి. అరటి, మెట్టతామర పెడితే నీరు లాగుతాయి. నుయ్యికి, బోరుకి కనీసం 50 అడుగుల దూరం ఉండాలి. మూడు సెంట్ల స్థలంలో ఈ దూరం కుదరదు. కుదరనప్పుడు ఆ బోరు నీళ్లు తాగడం మానేయడమే దారి.

తవ్వకం పని ఎండాకాలంలో పెట్టుకోండి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక ఊట దిగుతుంది, గొయ్యి గోడలు జారవు. వానల్లో తవ్వితే ఇంజను పెట్టి నీళ్లు తోడుతూనే ఉండాలి.

ఖాళీ ట్యాంకు పైకి తేలుతుందంటే చాలామంది నమ్మరు. ఆరు అడుగుల పొడవు, నాలుగు వెడల్పు, ఐదు లోతు ఉన్న సంపు దాదాపు 3,400 లీటర్లు పడుతుంది. అది ఖాళీగా ఉండి చుట్టూ ఊట నిండుగా ఉంటే కింది నుంచి మూడు టన్నుల పైచిలుకు బలం తోస్తుంది. బరువు చాలని ట్యాంకు లేస్తుంది, లేదా అడుగు పగులుతుంది. రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకులు మరీ తేలిక. అడుగున కాంక్రీటు దిమ్మ వేసి దానికి కట్టేయించండి. సంపు అయినా, సెప్టిక్ అయినా ఆగస్టులో పూర్తిగా ఖాళీ చేసి కడగడం పెట్టుకోకండి.

ఇప్పుడు కుళాయి కాగితాలు

పట్టణంలో మొదటి కాగితం ఇంటి పన్ను అసెస్‌మెంట్. అది లేకపోతే కుళాయి దరఖాస్తు ముందుకి కదలదు. దాంతోపాటు ఆధార్, రిజిస్టరు దస్తావేజు నకలు, బిల్డింగ్ ప్లాను అనుమతి, పన్ను బకాయి లేనట్టు రసీదు. రాయితీ వర్తించే కుటుంబమైతే రైస్ కార్డు కూడా. వార్డు సచివాలయంలో ఇవ్వొచ్చు, మునిసిపల్ శాఖ ఆన్‌లైన్ సేవల్లో కూడా పెట్టొచ్చు. డిపాజిట్, నెలవారీ రేటు మునిసిపాలిటీని బట్టి మారతాయి. పక్క ఊరి చుట్టాలు చెప్పిన అంకె పట్టుకుని గొడవపడకండి.

మనవైపు అసలు టెన్షన్ పేర్ల దగ్గర వస్తుంది. ఇల్లు తాతగారి పేరున ఉంటుంది, తాతగారు పోయి పాతికేళ్లు, పంపకాలు నోటిమాటగా జరిగాయి, ఒక బాబాయిగారు హైదరాబాదులో, ఒక అత్తయ్యగారు అమెరికాలో. అసెస్‌మెంట్ మీ పేరుకి మారాలంటే వారసుల ధ్రువపత్రమో, రిజిస్టరు చేసిన పంపకాల దస్తావేజో కావాలి. సంక్రాంతికి అందరూ వస్తారు కదా, సంతకాల పని ఆ మూడు రోజుల్లో పెట్టుకోండి. భోగి నాడు కాదు, కనుమ మధ్యాహ్నం భోజనాల తర్వాత. అప్పుడు ఎవరూ కాదనరు.

పాత ఇల్లు కొంటున్నవాళ్లు రిజిస్ట్రేషనుకి ముందే నీటి పన్ను బకాయి ఎంతుందో కుళాయి నంబరు చెప్పి చూసుకోండి. తర్వాత బిల్లు మీ గుమ్మానికే వస్తుంది, అమ్మినాయన ఫోను ఎత్తరు.

పల్లెలో పద్ధతి తేలిక. 2019 ఆగస్టు 15న మొదలైన జల జీవన్ మిషన్ కింద ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకి 55 లీటర్లు లెక్క. ఇంటి పన్ను రసీదు, ఆధార్‌తో సచివాలయంలో అడగండి. మీ వీధి పైపులైను పథకంలో ఉందా లేదా అన్నది ఇంజనీరింగ్ అసిస్టెంట్ దగ్గర మ్యాపులో కనబడుతుంది. మాట తీసుకోవడం కంటే మ్యాపు చూపించమనడం మేలు.

దరఖాస్తు ఇచ్చాక రసీదు నంబరు తప్పకుండా తీసుకోండి. ఎంతకీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడ ఆ నంబరు రాసి ఇవ్వండి. నంబరు లేని అర్జీకి బలం ఉండదు.

రోడ్డు కోత, పైపు, ఫెరూల్

దరఖాస్తు మీద ఇంజనీరు వచ్చి చూసి అంచనా రాస్తారు. అందులో రోడ్డు కోత రుసుము ఉంటుంది. మునిసిపల్ రోడ్డు అయితే సరే, ఆర్ అండ్ బీ రోడ్డో, 216 లాంటి జాతీయ రహదారో అయితే అనుమతి ఆ శాఖ నుంచి రావాలి, నెలలు పట్టొచ్చు. మీ వీధికి సీసీ రోడ్డు మంజూరైందని విన్న రోజే కుళాయి దరఖాస్తు పెట్టేయండి. ఇల్లు ఇంకా కట్టకపోయినా, రోడ్డు పోసేలోపు అడ్డంగా రెండంగుళాల ఖాళీ పైపు ఒకటి పూడ్పించుకోండి. రేపు సన్న పైపు అందులోంచి దూర్చొచ్చు, రోడ్డు ముట్టుకోనక్కర్లేదు.

మెయిన్ పైపు చుట్టూ సాడిల్ అనే పట్టీ వేసి, దానికి ఫెరూల్, అంటే మీ ఇంటికి నీళ్లు వదిలే చిన్న బిరడా, బిగిస్తారు. మీకొచ్చే నీళ్లు చాలావరకు ఆ ఫెరూల్ రంధ్రం మీద ఆధారపడతాయి. ఫెరూల్ అర అంగుళమైతే ఇంట్లోకి అంగుళం పైపు వేసినా నీళ్లు పెద్దగా పెరగవు. ఈ పని మునిసిపాలిటీ మనిషి సమక్షంలో జరగాలి. మీరూ అక్కడే ఉండండి.

ఒక్క విషయంలో మాత్రం మొండిగా ఉండండి. మన వీధుల్లో కుళాయి పైపులు ఓపెన్ డ్రైను లోంచి, మురుగులో నానుతూ వెళతాయి. నీళ్లు రోజంతా రావు. నీళ్లు ఆగిన గంటల్లో పైపు లోపల పీడనం పడిపోయి, ఏ సన్న పగులు ఉన్నా చుట్టూ ఉన్నది లోపలికి లాగుతుంది. తెల్లారి బిందెలో పడేది అదే. మీ పైపు డ్రైను అడుగు కిందుగా, లావుపాటి తొడుగు గొట్టంలోంచి, మధ్యలో జాయింటు లేకుండా వెళ్లాలి. ఇంటి ఆవరణలో కూడా మురుగు లైనుకి మంచినీళ్ల లైనుకి పది అడుగుల ఎడం పెట్టండి. దాటక తప్పని చోట మంచినీళ్లది పైన, మురుగుది కనీసం అడుగున్నర కింద ఉండాలి.

గొయ్యి కుళాయి, మోటారు

లైను చివర్లో ఉన్న ఇళ్లవాళ్లు ధార రావడం లేదని గుమ్మం ముందు గొయ్యి తీసి, అందులో కుళాయి పెట్టుకుంటారు. ఆ గోతిలో వాననీళ్లు, కాళ్లు కడిగిన నీళ్లు, పక్క డ్రైను ఊట చేరి కుళాయి మూతి మునిగి ఉంటుంది. నీళ్లు కట్టేశాక మూతి తెరిచి ఉంటే ఆ బురద లైనులోకి పోతుంది, మీ ఇంటికే కాదు, వీధి మొత్తానికి. దానికంటే చిన్న సంపు కట్టుకోండి. మెయిన్ నుంచి నీళ్లు వాటంతట అవే సంపులో పడాలి, మీ మోటారు సంపులోంచి మాత్రమే లాగాలి. మెయిన్ లైనుకి నేరుగా మోటారు బిగించడం నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే మోటారు తీసుకుపోతారు, కుళాయి కూడా కోసేస్తారు. సంపు అంచు నేల మీదికి అడుగు ఎత్తు కట్టించండి, లోపలికి వచ్చే పైపుకి, సంపు నిండగానే నీళ్లు ఆపే ఫ్లోట్ వాల్వ్ పెట్టించండి.

బోరు లైను, కుళాయి లైను ఒకే గొట్టంలో కలపకండి. ఉండి, ఆకివీడు ఊళ్ల వైపు, సముద్రం దగ్గరి ఊళ్లలో కూడా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాల్వ్ తిప్పి వాడుకుందామంటే ఏదో ఒకనాడు ఎవరో తిప్పడం మరుస్తారు.

మొదటి నీళ్లు

కొత్త సంపు కడిగి, నింపి, వెయ్యి లీటర్లకు 150 నుంచి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి ఒక రోజు ఉంచి, పారబోయండి. ఈ నీళ్లు తాగకూడదు, మొక్కలకు కూడా పోయకండి. తర్వాత వచ్చే నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో సచివాలయంలో ఉండే టెస్ట్ కిట్‌తో చూడమనండి. లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేనిచోట 2,000 వరకు అనుమతి ఉంది.

కాలువలు కట్టేసిన నెలల్లో సరఫరా అంతా ముందే నింపుకున్న మంచినీళ్ల చెరువు మీదే నడుస్తుంది. మే చివరికి రంగు, వాసన మారితే కాచి తాగండి. లంకల్లో ఉన్నవాళ్లు ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇవ్వగానే సంపు నింపి, మూత బిగించి, కుళాయి వాల్వ్ కట్టేయాలి. వరద తీశాక సంపుని పైన చెప్పినట్టే మళ్లీ బ్లీచింగ్ చేయకుండా వాడకండి.

ట్యాంకరు వచ్చే దారి

సెప్టిక్ ట్యాంకు రెండు మూడేళ్లకొకసారి తీయించాలి. అందుకని మూత మీద టైల్స్ వేసేయకండి, కారు షెడ్డు కట్టేయకండి. ట్యాంకరు వీధిలో ఆగితే దాని గొట్టం మీ మూత దాకా అందాలి. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా ట్యాంకులోకి మనిషిని దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. లోపలి గ్యాసుకి మనిషి నిమిషాల్లో పోతాడు, కాబట్టి "మా కుర్రాడు దిగుతాడులెండి" అన్నవాణ్ని గేటు దగ్గరే పంపేయండి. ట్యాంకరు వాణ్ని ఎక్కడ పారబోస్తావని అడగండి. నర్సాపురంలో మలవ్యర్థాల శుద్ధి కేంద్రం ఉంది. మీ దగ్గరలో అలాంటిది ఉందేమో మునిసిపాలిటీలో కనుక్కుని, అక్కడికి తీసుకెళ్లే ట్యాంకరునే పిలవండి. రాత్రిపూట తక్కువ రేటుకి వస్తానన్నవాడు మామూలుగా పంట బోదెలో వదిలేస్తాడు.